వత్తులకు తేమ ఎక్కడిది?

"తేమున్నది. తీస్కపో!"

చంద్రి తెచ్చిన బస్తాను సుదర్శన్ కాలితో గడప అవతలికి నెట్టాడు. మరిపెడ మెయిన్ రోడ్డు మీద అద్దె షట్టరు అతని ఆఫీసు. 'ఇంట్లోనే కూర్చొని సంపాదించండి' అని పైన బోర్డు. వత్తుల మిషన్ అతని దగ్గరే కొనాలి, దూదీ అతని దగ్గరే కొనాలి, చేసిన దీపం వత్తులు అతనే కొంటాడు. అదీ ఒప్పందం. ఆ మిషన్ కోసం చంద్రి ఉన్న ఒక్క బర్రెనూ అమ్ముకుంది.

పక్కనే నిలబడి చూస్తున్న సుజాతకు ఒళ్లు మండిపోయింది. ఇలా తిప్పి పంపడం ఇది మూడోసారి. తమ తండా ఆడవాళ్లు ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడతారు చెప్పండి? పత్తి అమ్మబోయిన ప్రతిసారీ మార్కెట్లో ఇదే మాట విన్నవాళ్లాయె. తేమ అనగానే తప్పు తమదే అనుకున్నారు. దుప్పట్లు పరిచి, వత్తులు ఎండబెట్టి, మళ్లీ మోసుకొచ్చారు. ఎర్రటి ఎండలో ఎండిన దూదికి తేమ ఎక్కడిదని ఎవరూ అడగలేదు. సుజాతా అడగలేదు.

అడగకపోగా వీడియోకు ముఖమిచ్చింది. మొదటి బస్తాకు సుదర్శన్ ఆమె చేతిలో నోట్లు పెట్టి, ఫోన్ ముందు నవ్వమన్నాడు. నవ్వింది. ఆ నవ్వు చూసే తండాలో ఇరవై ఇళ్లు చేరాయి.

"నువ్వు లోపటికి రా సుజాతా," అన్నాడు. "ఆదివారం భూపాలపల్లిల మీటింగు. బొగ్గుబాయి కార్మికుల ఇండ్లళ్ల ఆడోళ్లొస్తరు. మైకుల రెండు ముచ్చట్లు చెప్పు. నీ సరుకంత తీస్కుంట."

వెనక గదిలో గోడవారగా బస్తాలు. అందులో ఒకటి తనదే. పాత చీర అంచుతో తాను వేసిన ముడి నాలుగు నెలలైనా అలాగే ఉంది. అంటే ఈ సరుకు ఎవరూ కొనలేదు! మరి తనకెందుకు డబ్బిచ్చాడు? ఇరవై ఇళ్లకు ఎర వేయడానికి! ఛీ, దొంగ ముండాకొడుకు!

"వస్త సార్," అంది పళ్లు బిగించి.

తండాలో సంగతి చెప్పగానే చంద్రి ఆమె చెంప పగలగొట్టింది. "నీ మొఖం జూసి చేరిన్నే! నా బర్రెను నువ్వు తెస్తవా?"

"కొట్టక్కా, ఇంకోటి కొట్టు. గని ఆదివారం అందరం పోవాలె. గక్కడోళ్లు మునగకముందే పోవాలె."

"పోతే ఏమొస్తది? పోయిన పైసలొస్తయా?" అందొకామె.

తండాలో పెద్దామె మోతీబాయి లేచింది. "తేమున్నదంటే తల వంచుకొని వచ్చినం. వాడు ఉత్త చెయ్యి పెట్టి చెప్తె నమ్మినం. ఇగ చాలు. బస్తాలు ఎత్తుండ్రి."

ఆదివారం ఫంక్షన్ హాలు నిండా ఆడవాళ్లు. మిషన్లకు డబ్బు కట్టే బల్ల ముందు అప్పటికే వరుస. సుదర్శన్ నవ్వుతూ సుజాతకు మైకిచ్చాడు.

"అక్కలారా, వీడియోల నవ్విన మనిషిని నేనే. నేనిచ్చిన వత్తులు గీయన గదిలనే పడున్నయి, ముడి గూడ ఇప్పలే. వత్తులు కొనేటోడు ఎవ్వడు లేడు. మనకు మిషన్లు అంటగట్టుడే గీయన యాపారం! పనిచ్చేటోడు కూలిస్తడు. మన తానే పైసలు గుంజి పనిస్త అన్నడంటే వాడు దొంగ!"

మైకు ఆగిపోయింది. అంతలో తండా ఆడవాళ్లు తోసుకొచ్చి బస్తాలు బల్ల మీద కుమ్మరించారు.

"పట్టి చూడుండ్రి! ఏడున్నది తేమ?" చంద్రి గొంతు హాలంతా మోగింది.

వత్తులు చేతులు మారాయి. వరుసలో మొదట నిలబడ్డ రాజమణి తన డబ్బు కొంగున ముడేసుకుంది. "మా ఆయన బాయిల దిగి తెచ్చిన జీతంరా గిది!" అని వాకిలికి అడ్డం నిలబడింది.

సుదర్శన్ ఫోన్ చేస్తే పోలీసు జీపు వచ్చింది. అతను ఎస్సైకి వీడియో చూపించాడు. "అందర్ని చేర్పించింది గీమెనే సార్. నాకేం తెల్వది."

"నడువమ్మా, జీపెక్కు," అన్నాడు ఎస్సై.

"ఎక్కుత సార్. నా మొఖం జూసి మోసపోయిన్రు, నా పేరు రాస్కోండ్రి. గని మొదలు వాని పేరు రాయుండ్రి."

సుజాత ఎక్కింది. ఇంజను స్టార్టయింది. చంద్రి ఖాళీ బస్తా పరిచి జీపు ముందు కూర్చుంది. పక్కన మోతీబాయి, రాజమణి, ఆ వెనక హాలులోని ఆడవాళ్లు.

"వాన్ని ఎక్కియ్యకుంట గీ బండి కదలది సారూ!" అంది చంద్రి.

హారన్ మోగింది. ఒక్కరూ లేవలేదు. సుదర్శన్ మెల్లగా హాలు వెనక తలుపు వైపు జరిగాడు. అక్కడా ఆడవాళ్లే కూర్చున్నారు.