తగ్గించి చెప్పిన మాట

ఢిల్లీ మయూర్ విహార్ తెలుగు సంఘం కార్యదర్శి మనోహర్ ఫోన్ చేసి అడగ్గానే సదాశివరావు ఒప్పుకున్నాడు. నేరాల బారిన పడ్డవాళ్లకి ఏ హక్కులున్నాయి, ఏ సాయం దొరుకుతుంది అనే విషయం మీద కమ్యూనిటీ హాల్లో గంటసేపు ప్రెజెంటేషన్ ఇవ్వాలి.

"ఇంగ్లీషులో మెటీరియల్ బోలెడుంది సార్. తెలుగులో చెప్పేవాళ్లే లేరు. ఘాజియాబాద్ సైట్లలో పనిచేసే మనవాళ్లని కూడా పిలుద్దామనుకుంటున్నాం. వాళ్లకి అర్థమయ్యేలా ఉండాలి" అన్నాడు మనోహర్.

ముప్ఫై నాలుగేళ్లు కేంద్ర ప్రభుత్వంలో అనువాదకుడిగా చేసి రిటైరైన మనిషి సదాశివరావు. ఇంగ్లీషు, హిందీ, తెలుగు మూడూ ఆయన నాలుక మీద ఆడేవి. అరవై ఆరేళ్లొచ్చినా తన తెలుగు గురించి ఎవరైనా ఒక మంచిమాట అంటే ఆయనకి కడుపు నిండిపోతుంది. ఆ మధ్యాహ్నమే భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు.

ఆరు స్లైడ్లు చకచకా నడిచాయి. ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా తీసుకోవాల్సిందే. ఎఫ్‌ఐఆర్ కాపీకి పైసా ఇవ్వక్కర్లేదు. వకీలుని పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవల వాళ్ల 15100 నంబరుకి ఫోన్ చేయొచ్చు. ఏడో స్లైడ్‌లో ఒకటే వాక్యం ఉంది. 'బాధితురాలు చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాసుకోవాలి.'

ఆ వాక్యం టైపు చేసి చుక్క పెట్టాడో లేదో, కుడి చెవి పక్కనే ఎవరో నిలబడి అన్నట్టు వినిపించింది.

"నన్ను ఖరాబు జేసిండు సారూ."

ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. వంటింట్లో భార్య హైమవతి బెండకాయలు తరుగుతోంది. బయట మెట్రో వెళ్తున్న చప్పుడు. సదాశివరావు లాప్‌టాప్ మూసేశాడు.

మర్నాడు మళ్లీ తెరిచాడు. ఏడో స్లైడ్ దగ్గరికి రాగానే మళ్లీ అదే గొంతు. అరవదు, ఏడవదు. ఎండిపోయిన గొంతు. చెప్పాల్సింది ఒక్కసారే చెప్పి ఊరుకునే గొంతు. ఆ వారమంతా అది ఆయన్ని వదల్లేదు. కూరగాయల బండి దగ్గర చిల్లర లెక్కపెడుతుంటే వినిపించింది. బాల్కనీలో పేపరు చదువుతుంటే సిమెంటు మరకలున్న రెండు పాదాలు కళ్లముందు కనిపించాయి. పాదాలే. పైకి చూడాలంటే భయమేసేది.

శనివారం హైమవతి స్లైడ్లు చదువుతానంది. ముప్ఫై ఏళ్లు స్కూల్లో తెలుగు టీచరుగా చేసింది. అచ్చుతప్పు కనపడితే ఊరుకోదు. అద్దాలు పెట్టుకుని తొమ్మిదో స్లైడ్ దాకా వచ్చి ఆగింది.

"ఇదేమిటండీ? ఇంగ్లీషులో రేప్ అని స్పష్టంగా ఉంది. మీరేమో 'అనుచిత ప్రవర్తన' అని రాశారు. కింద 'అఘాయిత్యం'. ఇంకో చోట 'అసభ్యంగా వ్యవహరించడం'. అసలు పదం ఒక్కచోట కూడా రాయలేదే?"

"పిల్లలు కూడా వస్తారు కదా హైమా, అందుకని."

"అందుకేనా?" ఆమె అద్దాలు తీసి ఆయన మొహంలోకి చూసింది.

అప్పుడు చెప్పాడు. పదహారేళ్లుగా ఎవరికీ చెప్పనిది.

అప్పటికి ఆయన సర్వీసులో ఉన్నాడు. యమున అవతల ఒక పోలీస్ స్టేషన్ నుంచి ఆఫీసుకి ఫోన్ వచ్చింది. ఎవరో 'మద్రాసీ' కూలీ మనిషి ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చింది, ఆమె భాష తెలిసినవాళ్లు ఉంటే పంపండి అని. సదాశివరావు వెళ్లాడు. పాలమూరు నుంచి బిల్డింగు పనికొచ్చిన పిల్ల. పాతికేళ్లుంటాయి. పేరు మణెమ్మ. జుట్టు నిండా సిమెంటు దుమ్ము. చుట్టూ కానిస్టేబుళ్లు టీ తాగుతున్నారు. పాస్‌పోర్టు పనిమీద వచ్చిన ఇద్దరు మగవాళ్లు బెంచీ మీద కూర్చుని చెవులు రిక్కించి వింటున్నారు. సైటు మేస్త్రీ తనని ఏం చేశాడో ఆ పిల్ల ఒక్క వాక్యంలో చెప్పింది. రాసుకునే మున్షీ పెన్ను గాల్లో ఆపి సదాశివరావు వైపు చూశాడు.

సదాశివరావుకి హిందీ మాట తెలియక కాదు. ఆఫీసు కాగితాల మీద ఆ మాటని వందసార్లు రాశాడు. కానీ అంతమంది మగాళ్ల మధ్య, ఆ పిల్ల ఎదురుగా, దాన్ని తన నోటితో పలకడానికి సిగ్గేసింది. సిగ్గు వెనక ఇంకోటి కూడా ఉంది. పెద్ద కేసయితే కోర్టు చుట్టూ తనే సాక్షిగా తిరగాలి.

"హాథ్ పకడా. బద్తమీజీ కీ" అన్నాడు. చెయ్యి పట్టుకున్నాడట, మర్యాద తప్పి ప్రవర్తించాడట.

మున్షీ అదే రాసుకున్నాడు. స్టేషన్లోనే బెయిలు దొరికే కేసు అయింది. సాయంత్రానికి మేస్త్రీ బయటికొచ్చాడు. మణెమ్మ వేలిముద్ర వేస్తూ తల తిప్పి సదాశివరావుని చూసింది. అంతే.

ఆయన చెప్పడం ఆపేశాక హైమవతి లాప్‌టాప్ పక్కకి జరిపింది. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"ఆ రోజు మీరు ఇంటికొచ్చి ఏమన్నారో గుర్తుందా?" అంది. "ఎవరో పేదరాలికి సాయం చేసొచ్చాను హైమా అన్నారు. నేను మురిసిపోయి కాఫీ కలిపిచ్చాను."

ఆయన లాప్‌టాప్ మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

"పేరు చెప్పకుండా ఆ సంగతి ఉదాహరణగా చెప్దామనుకుంటున్నాను. అలాగైనా..."

"ఆమెనడిగారా?"

"ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

"వెతికారా?" అని లేచి వెళ్లిపోయింది హైమవతి. ఆ రాత్రి అన్నం వడ్డించింది గాని ఎదురుగా కూర్చోలేదు.

సంఘం అచ్చేయించిన కరపత్రాలు పట్టుకుని సదాశివరావు ఘాజియాబాద్ వెళ్లాడు. సగం లేచిన టవర్ల వెనక రేకుల గుడిసెల్లో పాలమూరు కూలీలుంటారని మనోహర్ చెప్పాడు. మొదటిసారి వెళ్లినప్పుడు పేరు అడిగే ధైర్యం రాలేదు. కరపత్రాలు పంచి వచ్చేశాడు. దొరక్కపోతే బాగుండునని దారంతా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. రెండోసారి, గిన్నెలు తోముతున్న ఒకామెని అడిగాడు.

"మణెమ్మక్కనా? దవాఖానకు వొయింది. ఎవలో పిల్లకు మాటసాయం. ఈడ ఎవలికి ఏమైనా అక్కనే తోల్కపోతది. హిందీ మస్తు మాట్లాడ్తది" అంటూ బోర్లించిన డబ్బా చూపించింది. "కూసో సారూ."

గంట తర్వాత మణెమ్మ వచ్చింది. కణతల దగ్గర జుట్టు నెరిసింది. ఆయన లేచి నిలబడ్డాడు. తనెవరో చెప్పబోతుంటే ఆమే అంది.

"నువ్వు ఠాణల సారువు గదా."

సదాశివరావు చేతులు జోడించాడు. "అమ్మా, ఆ రోజు నేను నీ మాట సరిగ్గా..."

"తెల్సు."

"తెలుసా?"

"బద్తమీజీ అంటె నాకెర్కలేదనుకున్నవా? అప్పటికే నేనీడికొచ్చి రెండేండ్లు. మాట్లాడరాకుండె గని ఇంటె సమజయ్యేది. ఆ మాట సైటు మీద దినాం ఇంటుంటిమి."

"మరి అప్పుడే ఎందుకు అడ్డుపడలేదమ్మా?"

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

"సదువుకున్నోనివి. మన మాట మాట్లాడేటోనివి. ఎట్ల జెప్తె కేసు నిలవడ్తదో నీకెర్కనే అనుకున్న. ఏదో ఉపాయం జేస్తున్నవనుకున్న. పొద్దుమీకి వాడు నా ముంగటికెల్లి బండి మీద ఉరికిచ్చుకుంట పాయె. అప్పుడు సమజైంది. మూడు దినాలకు మమ్ముల అందర్ని ఊరికి రైలెక్కిచ్చిండ్రు. కడుపు కోసం మల్ల ఈడికే రావలసొచ్చె."

సదాశివరావు చేతిలో కరపత్రాలు తడిసి మెత్తబడ్డాయి. హాల్లో ప్రెజెంటేషన్ సంగతి తడబడుతూ చెప్పాడు. పేరు రాకుండా ఆమె సంగతి నలుగురికీ చెప్పనిమ్మని అడిగాడు.

"వద్దు. అది నాది. నా పిల్లలకే తెల్వది. నువ్వు జేసింది నీది. అది జెప్పుకో."

"నన్ను క్షమించగలవా అమ్మా..."

"గది అడుగకు సారూ. నా తాన లేదు" అని, గుడిసెలోకి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు.

ఆ పై వారం ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో అరవై మంది దాకా వచ్చారు. ముందు వరసల్లో ఆఫీసర్లు, వాళ్ల భార్యలు. చివరి వరసలో మణెమ్మ, పక్కన ఆరుగురు ఆడవాళ్లు. ఆమె వస్తుందని ఆయన అనుకోలేదు. మొదటి ఆరు స్లైడ్లు చెప్పాడు. ఏడోది తెర మీద పడింది.

"ఇది రాయడం తేలిక" అన్నాడు. "నేనొకసారి ఒక స్టేషన్లో దుబాసీగా నిలబడ్డాను. ఒక మనిషి తనకి జరిగింది చెప్పింది. నాకు పూర్తిగా అర్థమైంది. సిగ్గుపడి, నా ఇబ్బంది చూసుకుని, దాన్ని తగ్గించి చెప్పాను. నేరం చేసినవాడు ఆ సాయంత్రమే ఇంటికెళ్లాడు. చట్టంలో ఎన్ని హక్కులున్నా మధ్యలో నాలాంటివాడు ఒకడుంటే చాలు, అవి ఆమెదాకా రావు."

ఏ నేరమో, ఎవరికి జరిగిందో చెప్పలేదు. మనోహర్ వాచీ చూసుకున్నాడు. ముందు వరసలో ఒకాయన భార్యని మోచేత్తో పొడిచి లేచి వెళ్లిపోయాడు. హైమవతి కదలకుండా కూర్చుంది. తొమ్మిదో స్లైడ్‌లో ఇప్పుడు 'అత్యాచారం' అనే ఉంది. ఆ మాటని ఆయన పైకి చదివాడు. ప్రశ్నలుంటే అడగమంటే ఒకాయన లేచి, తన స్కూటర్ పోయి ఎనిమిది నెలలైంది, దానికి పరిహారం వస్తుందా అనడిగాడు. సదాశివరావు ఓపిగ్గా జవాబు చెప్పాడు.

సమోసాలయ్యాక జనం పల్చబడ్డారు. కుర్చీలు ఒకదాని మీదొకటి పేరుస్తున్నారు. మణెమ్మ ఒక పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఆ పిల్ల జాకెట్టులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసిచ్చింది. ఎఫ్‌ఐఆర్ కాపీ.

"పదిదినాలైంది. నేనే తోల్కపోయిన, నేనే జెప్పిన. జెప్పింది జెప్పినట్టె జెప్పిన" అంది మణెమ్మ. "గని నాకు సదువు రాదు. ఏం రాసుకున్నరో తెల్వది. సదువు సారూ. ఒక్క అక్షరం ఇడువకు."

సదాశివరావు కళ్లద్దాలు సర్దుకుని హిందీలో ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పడం మొదలెట్టాడు. తేదీ, సమయం, సైటు పేరు. ఆ పిల్ల ఆయన పెదాల వైపే చూస్తోంది. నాలుగో వాక్యం దగ్గర ఆయన ఆగాడు.

"ఏం రాసిండ్రు?" అంది మణెమ్మ.

"'గలత్ వ్యవహార్' అని రాశారు. తప్పుగా ప్రవర్తించాడు అని." మళ్లీ పై నుంచి కింది దాకా చూశాడు. "అంతే రాశారమ్మా. ఇంకేమీ లేదు." ఆ పిల్ల వైపు తిరిగాడు. "తల్లీ, నువ్వు చెప్పింది ఇదేనా?"

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఏం చెప్పిందో చెప్పింది, నెమ్మదిగా, ఒక్క వాక్యంలో. ఈసారి ఆ గొంతు చెవి పక్కన కాదు, ఎదురుగా ఉంది.

"ఆ మాట ఈ కాగితంలో లేదు" అన్నాడు సదాశివరావు. "నువ్వు చెప్పింది అత్యాచారం. ఇక్కడున్నది అది కాదు. దీన్ని ఇలా వదలక్కర్లేదు. మేజిస్ట్రేటు ముందు నీ మాట నువ్వే చెప్పొచ్చు."

హైమవతి అప్పటికే ఫోన్ తీసి 15100 నొక్కుతోంది.

బుధవారం నలుగురూ కోర్టుకి వెళ్లారు. న్యాయ సేవల వాళ్లు పంపిన వకీలమ్మ వచ్చింది. మేజిస్ట్రేటు గది తలుపు తీసుకుని గుమస్తా బయటికొచ్చి, అమ్మాయి భాష తెలిసినవాళ్లెవరని అడిగాడు. సదాశివరావు మీద వకీలమ్మ చూపు పడింది. ఆయన మణెమ్మ వైపు చూశాడు. మణెమ్మ ఎవరివైపూ చూడలేదు. కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, "మై హూఁ" అని, నేనున్నానని గుమస్తాకి చెప్పి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. తలుపు మూసుకుంది.

సదాశివరావు నడవాలో బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన హైమవతి. ఇద్దరి మధ్యా ఒక మనిషి కూర్చునేంత చోటు. లోపలి మాటలు బయటికి వినపడవు. నలభై నిమిషాలు గడిచాయి. ఆయనకి వినిపిస్తున్నది పాత వాక్యమే, పదహారేళ్లనాటి ఎండిన గొంతుతో. ఇన్నాళ్లూ అది రాగానే లేచి ఏదో ఒక పనిలో పడేవాడు. ఇవాళ లేవలేదు. కళ్లు మూసుకోలేదు. తలుపు తెరిచేదాకా దాన్ని వింటూ కూర్చున్నాడు.