ఆదివారం వంతు

ఎనభైల్లో ఒక కరువేడు. ఆలేరు చుట్టుపక్కల చినుకు లేదు. యోహాను, అతని అన్న బక్కయ్య కలిసి వాడుకునే బావిలో వారానికి రెండుసార్లు మోటరు నడిస్తే గొప్ప. పెద్దమనుషుల ముందు వంతులు వేసుకున్నారు. బుధవారం బక్కయ్యది, ఆదివారం యోహానుది. కిరస్తానంలో కలిసిన తమ్ముడు ఆదివారం పని ముట్టడని తెలిసే బక్కయ్య బుధవారం పట్టుకున్నాడు, మహా తెలివిగలవాడు! మార్చుకుందామని బతిమాలితే, "నీ దేవుణ్ణే జర దినం మార్చుమను" అని నవ్వాడు.

యోహానుకున్నది అరెకరం మడి. వరి పొట్ట మీద ఉంది. పోయిన ఆదివారం నీళ్లు పారలేదు. ఈ ఆదివారమూ పారకపోతే ఏడాది తిండి పోయినట్టే. భార్య మైసమ్మ కాళ్లావేళ్లా పడింది.

"నువ్వు గుడికి పో. నేను మోటరేసి వస్త."

"ఆజ్ఞ ఇంటోళ్లందరికి. పనోనికి, పశువుకు గూడ పని చెప్పొద్దన్నడు దేవుడు."

"మరి పిల్లలకేం పెడ్తవ్?"

"ఆయనే పెడ్తడు."

ఆ మాట మనసారా నమ్మి అన్నాడు, ఏడుపంతా అదే. దొంగభక్తుడైతే ఏనాడో బాగుపడేవాడు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు యోహానును లేపి నిలబెట్టి, "విశ్వాసమంటే ఇది" అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు. యోహాను కళ్లు చెమర్చాయి. ఆరాధన అయ్యాక పాస్టరు అతని భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు. ఆ బావి దగ్గరే ఆయనకూ ఒక మడి ఉంది.

"యోహానూ, నీ వంతు నీళ్లు ఉత్తగనే ఉంటయి గద. మా మడికి పెట్టిస్త. మా జీతగాడు ఐలేశం మనోడు గాదు, వానికి ఆదివారం లేదు."

పనివాడి సంగతి కూడా ఆజ్ఞలో ఉందని యోహానుకు గుర్తొచ్చింది. తనకు అక్షరాలు నేర్పిన మనిషికి ఆ మాట ఎలా చెబుతాడు? మోటరు పెట్టె తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

పాస్టరు మడికి పోయే కాలువ యోహాను ఒడ్డు పక్కనుంచే పోతుంది. చూడబుద్ధి కాకపోయినా మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చి నిలబడ్డారు. ఒకచోట ఎండ్రకాయ బొక్కలోంచి నీళ్లు వీళ్ల మడిలోకి దిగుతున్నాయి. నెర్రెలు విచ్చిన మట్టి గటగటా తాగుతోంది. ఐలేశం చూశాడు, చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ మాత్రం జాలి వాడికే ఉంది.

మైసమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది. "ముట్టకు. మనం తవ్వలేదు. దేవుడే ఇచ్చిండనుకో."

"అయ్యగారికి ఇచ్చిన నీళ్లు. దొంగతనమైతది."

చెయ్యి విడిపించుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చొని, గోళ్లతో మట్టి పెళ్లగించి బొక్కలో కుక్కాడు. మళ్లీ తెచ్చి కుక్కాడు. లేచి మడమతో తొక్కాడు. చుక్క కారకుండా అయ్యేదాకా, చెమటలు కక్కుతూ తొక్కుతూనే ఉన్నాడు.

మైసమ్మ ఏడవలేదు. అతని మట్టి చేతుల వంక చూసింది.

"ఇయ్యాల ఆదివారం గాదా?" అంది.