మొగులమ్మ బర్రె కట్టిన జట్టు

నర్సింహులు బుర్ర ఎంత పెద్దదంటే, పటాన్‌చెరులో అతను పనిచేసే పంపుల ఫ్యాక్టరీలో దానికి సరిపడే హెల్మెట్ దొరకలేదట. చెప్పింది ఎవరో కాదు, నర్సింహులే. ఆ బుర్రలో గాలి తప్ప ఏమీ లేదనీ, ఫ్యాను కింద కూర్చుంటే చెవుల్లోంచి ఈల వస్తుందనీ అతని భార్య మొగులమ్మకు తెలుసు.

ఫోన్లో క్రికెట్ పందెం అతని పిచ్చి. ఇరవై రెండు మందిలో పదకొండు మందిని ఏరి జట్టు కట్టాలి, డబ్బు పెట్టాలి, వాళ్లు ఆడినదాన్ని బట్టి పాయింట్లు. తెలంగాణలో ఆ యాప్ పందెం తీసుకోదు. అందుకని షిఫ్టు దిగగానే తోటివాళ్లతో కలిసి బండెక్కి, జహీరాబాద్ దాటి, కర్ణాటక బోర్డు కనబడ్డాక ఒక తుమ్మచెట్టు కింద నిలబడి జట్టు కట్టేవాడు. అక్కడ అంతమంది తెలివైనవాళ్లు చేరేసరికి ఆ చెట్టు సిగ్గుతో ఆకులన్నీ రాల్చేసింది.

జీతమంతా అక్కడే పోగొట్టుకున్నాక, చివరికి అతని కన్ను బర్రె మీద పడింది. నాట్ల కూలి డబ్బుతో మొగులమ్మ దూడగా కొని పెంచుకున్న బర్రె అది.

"అంగట్ల అమ్మేద్దామే. ఫైనల్ తగిలిందంటే పది బర్లు కొంట."

"జూదానికి నా బర్రెనా?"

"జూదం గాదే, తెలివి! యాప్‌లనే రాసిండ్రు."

"తెలివైతే హద్దు దాటిపోయి దొంగోని లెక్క ఆడుడేందయ్యా?"

పక్కింటి బాలరాజ్, తుమ్మచెట్టు కింద తోడుండేవాడు, అడ్డొచ్చాడు. "గట్లనకు వదినె. మా అన్నది లెక్కల బుర్ర."

"అయితే సెమీఫైనల్‌కు మీ అన్న ఒక జట్టు, నా బర్రె ఒక జట్టు. అన్న గెలిస్తే బర్రెను తోల్కపొండ్రి. బర్రె గెలిస్తే మళ్ల దాని దిక్కు సూడొద్దు."

ఇరవై రెండు గడ్డికట్టలు వరసగా పెట్టారు. ఒక్కో కట్టకూ బాలరాజ్ ఒక్కో ఆటగాడి పేరు పెట్టాడు. బర్రె మూతి పెట్టిన మొదటి పదకొండు కట్టలు దాని జట్టు, అందులో మొట్టమొదటిది కెప్టెన్. అది ఎవరికీ తెలియని ఓ కుర్ర బౌలర్‌ను మొదట నమిలింది. పేరుమోసిన బ్యాట్స్‌మన్ కట్టను వాసన చూసి, వెనక్కి తిరిగి, దాని మీద పేడ వేసింది. నర్సింహులు అతన్నే కెప్టెన్‌గా పెట్టుకున్నాడు.

ఆ బ్యాట్స్‌మన్ మొదటి బంతికే ఇంటికి పోయాడు. కుర్రాడు ఆరు వికెట్లు తీశాడు. అతని బంతుల గాలికి పక్కనున్న రుద్రారం కాలేజీ హాస్టళ్లలో ఆరేసిన బట్టలు కూడా ఎగిరిపోయాయట.

"ఇగ ఎవలిదయ్యా తెలివి?" అంది మొగులమ్మ.

నర్సింహులు సిగ్గుపడతాడని ఆమె అనుకుంది. అతను కొట్టంలోకి పోయి, బర్రెకు రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, ఫైనల్‌కు కెప్టెన్ ఎవలు?"

తెల్లారేసరికి షిఫ్టు షిఫ్టంతా కొట్టం ముందు బారు తీరింది. మొగులమ్మ వాళ్లను కింది నుంచి మీదికి చూసింది.

"ఉత్తచేతులతోని వస్తే మూతి తిప్పుకుంటది. మనిషికో పచ్చిగడ్డి మోపు తెండ్రి."

తెచ్చారు. గడ్డివామి ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని దాటింది. ఫైనల్ ఇంకా రాకముందే ఢిల్లీలో చట్టం చేసి ఫోన్లో పైసల ఆటలన్నీ దేశమంతా బంద్ పెట్టారు. అయినా మోపులు ఆగలేదు.

"ఇంకేం గావాలె బాలరాజ్?"

"ఆ చట్టం ఎప్పుడు ఎత్తేస్తరో జెర అడుగు వదినె."

"గడ్డి ఆడ పెట్టి పో," అంది మొగులమ్మ. "తిన్నంక చెప్తదట."