పెద్దద్దం

ఎవరి వీపు వాళ్లకి కనపడదు. ఇందులో కొత్తేముంది, లోకంలో ఎవరి వీపు ఎవరు చూసుకున్నారు అంటారా? నిజమే. కానీ కళ్యాణికి ఆ అవసరం వచ్చిపడింది. శ్రావణమాసంలో ఓ ఆదివారం తలంటు పోస్తూ వీపు రుద్దుతున్న తల్లి చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

“ఏందమ్మా?” అంది కళ్యాణి.

“ఏం లే. వంగు జర,” అంది మల్లమ్మ. ఆ గొంతు వింటే చాలు, ఏదో ఉందని చెవిటివాడికైనా తెలిసిపోతుంది.

బొల్లి మచ్చ. వీపు మధ్యలో, చింతగింజంత. పెళ్లికెదిగిన పిల్లకి అది ఎంత పెద్దదో వేరే చెప్పాలా? మల్లమ్మ మొగుడు సాయిలుక్కూడా చెప్పలేదు. బావంచాల గింజలు నూరి మచ్చ మీద గుట్టుగా రాసింది, పిల్లకి పొడుగు జాకెట్లు కుట్టించింది. “కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతది బిడ్డా, నోరు మూసుకో,” అని ఒట్టు వేయించుకుంది. ఇక కళ్యాణికి రాత్రీ పగలూ ఒకటే దిగులు. పెరిగిందా? తగ్గిందా? అమ్మనడిగితే “తగ్గింది” అంటుంది. అమ్మలు అలాగే అంటారు కదా! గుడిసెలో ఉన్న అద్దం అరచెయ్యంత. అందులో ముక్కు చూసుకుంటే నోరు కనపడదు, ఇక వీపేం కనపడుతుంది?

ఆ కరువు తీర్చింది పెద్దద్దం.

సాయిలు కుటుంబం పాలమూరు నుంచి మాదాపూర్‌కి వచ్చింది తాపీ పనికి. బండలు పేల్చి, చదును చేసి, కంప్యూటర్ల వాళ్ల కోసం ఓ అయిదంతస్తుల భవనం లేపారు. లేపాక దానికి చుట్టూరా నల్లటి గాజు తొడిగారు. భవనం పూర్తయినా గుడిసెలు కదల్లేదు, పక్కనే ఇంకోటి లేస్తోంది మరి. తల్లీకూతుళ్లకి పాత భవనం చుట్టూ గడ్డి పరిచే పని, మొక్కలకి నీళ్లు పెట్టే పని దొరికింది. వెనకవైపు గోడ మొత్తం నేల దాకా గాజే. అందులో ఆకాశం, బండలు, మనుషులు అచ్చు దిగినట్టు దిగేవాళ్లు. గుడిసెల జనం దానికి పెద్దద్దం అని పేరు పెట్టేశారు. పనికి పోయే ముందు ఆడవాళ్లు అక్కడే కొప్పు ముడుచుకునేవాళ్లు. మగవాళ్లు మీసం దువ్వుకునేవాళ్లు. ముసలివాళ్లు పళ్లు లెక్క చూసుకునేవాళ్లు. “ఈ దిక్కు ఇంక ఎవరూ దిగలే, ఖాళీనే,” అని మేస్త్రీ ఎప్పుడో ఒకనాడు అన్న మాట అందరికీ వేదమైపోయింది. పుట్టాక నిలువెత్తున తమని తాము చూసుకోని మనుషులకి అది ఎంత సంబరమో మీరే ఊహించుకోండి.

కళ్యాణి మాత్రం అందరికంటే ముందు, మసక వెలుతురులో వచ్చేది. పైపు మొక్కల్లో పడేసి, అటూ ఇటూ చూసి, గాజుకి వీపు తిప్పి, జాకెట్టు కాస్త పైకి లాగి, మెడ తిప్పి చూసుకునేది. చింతగింజ కాస్తా రేగుపండైంది. చూసిన రోజల్లా అన్నం సహించేది కాదు. చూడకుండా ఉందామంటే ఉండలేకపోయేది. ఒక్కోసారి ఆ గాజులోని తనతోనే చిన్నగా మాట్లాడేది, ఏడ్చేది, ఆ ఏడుపు మొహం చూసి తనే నవ్వేసేది.

ఇట్లా ఉండగా సంబంధం వచ్చింది. అదీ వెతుక్కుంటూ! పిల్లవాడి పేరు ఓంకార్. ఆ భవనంలోనే ఏసీలు చూసుకునే పని, రాత్రి డ్యూటీ. ఐటిఐ చదివాడు, తాగడు, నెల జీతగాడు. తల్లి రత్నమ్మ స్వయంగా గుడిసె దాకా వచ్చి, “మావోడు నీ పిల్లనే చేసుకుంట అంటుండు వదినా. ఎక్కడ చూసిండో ఏమో, ఇంకో పిల్లను చూడనే చూడ అని మొండికేసిండు,” అని నవ్వింది. మల్లమ్మకి కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ సంబరం వెనకే భయం కూడా పట్టుకుంది. నలుగు నాడు మగపిల్లవాడి తరఫు ఆడవాళ్లు పసుపు రాయడానికి వస్తారు. వీపు దాచేదెట్లా? “అప్పటికి తగ్గుతది. తగ్గకుంటే నేనే రుద్దుత అని అడ్డం కూసుంట,” అంది. పూలుపండ్లు పెట్టి మాట ఖాయం చేసుకోడానికి ఆదివారం అనుకున్నారు.

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరూ మొరాయించినట్టుంది, ఆఫీసుల వాళ్లు గుంపులు గుంపులుగా బయటికొచ్చి చెట్లు లేని ఆవరణలో నీడ వెతుక్కుంటున్నారు. ఒకామె చేతిలో టిఫిన్ డబ్బాతో కళ్యాణి నీళ్లు పెడుతున్న చోటికే వచ్చి గట్టు మీద కూర్చుంది. మెడలో ఫొటో కార్డు, దాని మీద కృష్ణప్రియ అని పేరు. కోస్తా మనిషి. ఊరికే ఉండలేని రకం, కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం ఉందటనీ, దాన్ని గట్టెక్కించడానికే తమని పెట్టుకున్నారనీ అడక్కుండానే చెప్పేసింది. తర్వాత కళ్యాణిని తేరిపార చూసి, “ఆ చిలకపచ్చ చీర మానేశావేం? అది నీకు భలే ఉంటుంది. మేమంతా అనుకున్నాం కూడా,” అంది.

కళ్యాణి సిగ్గుపడింది. “యాడ చూసిన్రు మేడం? మీరు ముందు దిక్కు గదా ఉండేది.”

“ముందేంటి? నెలైంది మేం ఈ వెనక హాల్లోకి దిగి. నా కుర్చీ సరిగ్గా అక్కడే,” అని కృష్ణప్రియ పెద్దద్దం వైపు చెంచా చూపించింది. “మీరొచ్చి జడలేసుకుంటుంటే మాకదే టీవీ. ఓ పెద్దాయన రోజూ వచ్చి నాలిక బయటపెట్టి చూసుకుంటాడు. చచ్చేట్టు నవ్వుకుంటాం!”

కళ్యాణి చేతిలోంచి పైపు జారి కాళ్ల మీదే నీళ్లు పారాయి. ఆమెకి తెలియలేదు.

“అది... అద్దం గదా మేడం?”

“అద్దమేంటమ్మా, కిటికీ! బయట వెలుతురెక్కువ కాబట్టి మీకు అద్దంలా ఉంటుంది. లోపల్నుంచి అన్నీ కనపడతాయి. నమ్మవా? రా, చూపిస్తా.”

గోడలకి చెవులుంటాయని పెద్దలు చెప్పారు. గాజుకి కళ్లుంటాయని ఏ పెద్ద చెప్పాడు? కళ్యాణి కృష్ణప్రియ వెంట గుడ్డిదానిలా నడిచింది. కంప్యూటర్ల గది బయట అందరిలాగే చెప్పులు విడిచింది. లోపల చీకటిగా, ఉక్కగా ఉంది. కృష్ణప్రియ తన కుర్చీలో కూర్చోబెట్టి, “అటు చూడు,” అంది.

ఎదురుగా మల్లమ్మ. మూరెడు దూరంలో. చీపురు చంకలో పెట్టుకుని, కళ్యాణి మొహంలోకి సూటిగా చూస్తూ, పెదవి ఎత్తి పంటిలో ఇరుక్కున్న ఆకు ముక్క గోటితో లాక్కుంటోంది. తర్వాత కొంగుతో చెంప తుడుచుకుని, వయసులో ఉన్న పిల్లలాగా తల ఓ పక్కకి వంచి చూసుకుంది. కూతురు ఎదురుగా ఉన్నట్టు ఆ తల్లికి తెలియదు.

“అమ్మా!” అంది కళ్యాణి. పిలుపు గాజు దాటలేదు.

ఈ కుర్చీ ముందే కదా తను జాకెట్టు పైకి లాగింది! ఎట్లాగో అడిగింది. “పొద్దుగాల... తెల్లారకముందు... ఇక్కడ ఎవరుంటరు మేడం?”

“ఆ టైంలో ఎవరొస్తారు? ఏసీ ఓంకార్ ఒక్కడే ఉంటాడు. పాపం మంచివాడు. మేం వచ్చేసరికి హాల్లో లైట్లన్నీ ఆర్పేసి కూర్చునుంటాడు, కరెంటు దండగని. అసలు తెల్లవారుజామున లోపల లైట్లుంటే బయటివాళ్లకి లోపలంతా కనపడిపోతుంది. ఆర్పేస్తేనే మళ్లీ అద్దం.”

కృష్ణప్రియ ఇంకా ఏదేదో చెబుతూనే ఉంది. కళ్యాణికి ఆ తర్వాత ఒక్క ముక్క ఎక్కలేదు.

మర్నాడు తెల్లారి డ్యూటీ దిగి వెనక గేటు నుంచి వస్తున్న ఓంకార్‌కి ఎదురు నిలబడింది. అతను పెళ్లికూతుర్ని చూసి పొంగిపోయాడు. ఆమె పలకరింపుల జోలికి పోలేదు.

“లైట్లెందుకు బంద్ చేస్తవ్?”

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఎవరు చెప్పిన్రు నీకు?”

“అడిగిందానికి చెప్పు.”

ఓంకార్ నేల చూస్తూ చెప్పాడు. “మొదాలు తెల్వక కనవడ్డవు. అటెంక... చూడబుద్దయింది. నువ్వొచ్చే యాళ్లకు బంద్ చేసేటోన్ని. తప్పే, కాదంటలేను.” తల ఎత్తాడు. గొంతులోకి ఓ ధీమా వచ్చింది. “గని ఒక్కటి ఇను కళ్యాణీ. మచ్చ సుత చూసిన. చూసినంక గూడ అమ్మను పంపిన. ఎవ్వరికి చెప్పలే, చెప్ప. నలుగు నాడు మా ఆడోళ్లను నేను ఆపుత. ఇగ నీకేం ఫికర్?”

నిజం చెప్పుకోవాలి. ఒక్క క్షణం కళ్యాణికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇన్నాళ్ల బరువు దిగినట్టే అనిపించింది. ఆ వెంటనే ఒళ్లు భగ్గుమంది. చీకట్లో నక్కి చూసినవాడు, చూసిందాన్ని దాచిపెట్టి, ఆ దాచిపెట్టడం తనకి దానం చేస్తున్నాడు! రేపు కూరలో ఉప్పెక్కువైతే చాలు, “నిన్ను చేసుకున్నందుకు” అని మొదలుపెట్టడూ? తన వీపు తనే సరిగ్గా చూసుకోలేదు. వీడు తీరిగ్గా చూశాడు.

ఆమె ఒక్క మాట అనకుండా వెనక్కి తిరిగింది. సంతోషం పట్టలేక నోరు పెగల్లేదనుకున్నాడేమో, ఆ వెర్రివాడు వెనకనుంచి “ఆదివారం మంచి చీర కట్టుకో,” అని కూడా అన్నాడు.

మల్లమ్మకి చెబితే ముందు నోటి మీద టపటపా కొట్టుకుంది. “అయ్యో, నా పండ్లు గూడ చూసిన్రా!” అని ఏడ్చినంత పని చేసింది. కాసేపటికి తేరుకుని కూతురి గడ్డం పట్టుకుంది. “పోనీ బిడ్డా. చూసిండు, చూసి గూడ చేసుకుంట అంటుండు. ఇంతకన్న మంచోడు మనకు యాడ దొరుకుతడు? దేవుడే చూపెట్టిండనుకో. నోరిప్పకు, నీ కాళ్లు మొక్కుత.” ఆ మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది.

ఆదివారం గుడిసె ముందు టార్పాలిన్ కట్టారు. రత్నమ్మ చీర, పూలు, పండ్లు పళ్లెంలో పెట్టుకుని ఆడవాళ్లతో వచ్చింది. ఓంకార్ ఇస్త్రీ చొక్కాలో మగవాళ్ల మధ్య కూర్చున్నాడు. కులపెద్ద రామచంద్రం గొంతు సవరించుకుని, ఎప్పుడూ అడిగేదే అడిగాడు. “ఇరుదిక్కుల ఏమన్న మాట ఉంటె ఇప్పుడే అనుకోవాలె. రేపు అనొద్దు. ఉన్నదా?”

ఈ ప్రశ్నకి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పిన పాపాన పోలేదు. అది అడగడానికే తప్ప చెప్పించుకోడానికి కాదు. రత్నమ్మ అప్పటికే బొట్టు పెట్టడానికి వేలికి కుంకుమ అద్దుకుంది.

“నాకున్నది,” అంది కళ్యాణి.

సాయిలు చేతిలో బీడీ చేతిలోనే ఉండిపోయింది. పెళ్లికూతురు నోరు విప్పడమా! మల్లమ్మ వెనకనుంచి తొడ గిల్లింది. కళ్యాణి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

“నా వీపు మీద బొల్లి మచ్చ ఉన్నది అత్తమ్మా. రేగువండంత. పెరుగుతనే ఉన్నది.”

ఎవరో ఆడమనిషి “అవ్వో” అని నోరు నొక్కుకుంది. సాయిలు కూతుర్ని, పెళ్లాన్ని మార్చి మార్చి చూశాడు. రత్నమ్మ వేలు గాలిలోనే నిలిచిపోయింది.

“ఇంత దాచిపెట్టి...” అని ఆమె మొదలుపెట్టింది.

“దాచినం. తప్పే. గని మీ కొడుక్కు ఎరుకే.”

రత్నమ్మ గిరుక్కున తిరిగింది. “ఎరుకనారా?”

ఓంకార్ తల ఊపాడు. ఊపి, తన మంచితనం నలుగురికీ తెలిసే వేళ వచ్చిందన్నట్టు, “ఎరుకనే అమ్మా. అయినా నాకిష్టమే,” అన్నాడు. మగవాళ్లలో ఒకరిద్దరు మెచ్చుకోలుగా గొణిగారు. రామచంద్రం, “చూసిన్రా, పిలగాడంటె గిట్లుండాలె,” అన్నాడు.

“ఎట్ల ఎరుకనో అడుగు అత్తమ్మా,” అంది కళ్యాణి.

రత్నమ్మ కొడుకునే చూస్తోంది. మొగుడు పోయాక ఇళ్లలో అంట్లు తోమి పెంచింది వాణ్ని. ఆమె మొహంలో కోపం ఇంకా మచ్చ మీదే ఉంది, మెల్లగా అది కొడుకు మీదికి కదలడం అందరికీ కనపడింది.

“చెప్పు. వీపు మీది మచ్చ నీకెట్ల కనవడ్డదిరా?”

ఓంకార్ మొహం కందిపోయింది. ఎటు చూసినా ఎవరో ఒకరు తననే చూస్తున్నారు. మేనమామలు, గుడిసెల ఆడవాళ్లు, సాయిలు. మోకాళ్ల మధ్య తల దించేశాడు.

“నేను నీ తల్లిని. నాకన్న చెప్పరాదురా?”

రత్నమ్మ కళ్యాణి ముందు కూలబడినట్టు కూర్చుంది.

“పెట్టాల్నా, వద్దా? నువ్వే చెప్పు బిడ్డా.”

మగపెళ్లివారు ఆడపిల్లని అలా అడగడం అక్కడున్న ఎవరూ ఇంతకుముందు వినలేదు. మల్లమ్మ రెండు చేతులూ జోడించి కూతురికేసి చూసింది. ఇప్పుడు మచ్చ సంగతి ఊరందరికీ తెలుసు. ఈ బొట్టు తప్పితే ఇంకో బొట్టు వస్తుందన్న ఆశ లేదు. అది కళ్యాణికీ తెలుసు.

“వద్దత్తమ్మా,” అంది.

రత్నమ్మ కుంకుమ తన కొంగుకే తుడుచుకుంది.