ఇదేంటి

"ఇదేంటి?" తడి సాక్సు పైకెత్తి అడిగింది పనావిడ.

"సాక్సు," అంది పాప, బకెట్టు పక్కన గొంతుక్కూర్చుని.

"దీని జతేదీ?"

"పారిపోయింది!"

"దాని దుంపతెగ! సరే, దీన్ని పిండు. గట్టిగా. ఆఁ, ఇప్పుడు ఆరెయ్యి."

పాప పిండింది, పనావిడ ఎత్తుకుంటే తీగ మీద ఆరేసింది. క్లిప్పు మాత్రం ఆమే పెట్టింది. పాప వాళ్ళు ఇవాళ ఇల్లు ఖాళీ చేస్తున్నారు. అయినా విడిచిన బట్టలు విడిచినట్టే మూటకట్టి పంపడం ఆమెకు నచ్చలేదు.

ఆమె పనిలో చేరిన కొత్తలో ఈ పిల్లకు నోట మాట లేదు. తల్లీతండ్రీ డాక్టర్ల చుట్టూ తిరిగారు. పనావిడేమో నోరు మూసుకుని పని చెయ్యలేదు. ఇంటి దగ్గర ఎవరూ లేక గిన్నెలతోనే కబుర్లాడే మనిషాయె. గరిటె పట్టినా ఇదేంటి, చీపురు పట్టినా ఇదేంటి అని పిల్లను అడిగేది. ఒకరోజు పిల్ల "గలిటె" అంది. ఆ తర్వాత ఆపితే ఒట్టు! ఉప్పు డబ్బా మూత మీద 'ఉ', పప్పు డబ్బా మూత మీద 'ప' రాసి, మూతలన్నీ కలిపేసి, ఏది దేనిదో పిల్లచేత వెతికించేది.

పిల్ల అందర్నీ పిలవడం నేర్చింది, గోడ మీది పిల్లితో సహా. పనావిడనే ఏమనీ పిలవలేదు. పెద్దవాళ్ళకే తను "ఇదిగో", "నిన్నే". ఇక పిల్లకెలా తెలుస్తుంది? నన్నిలా పిలవమ్మా అని అడగడానికి నోరు రాలేదు. ఆ ఒక్క పిలుపు కోసం ప్రాణం కొట్టుకుపోయేది.

"ఇదేంటీ!" గుమ్మంలోంచి కేకేసింది పాప.

"తలుపు," అంది ఆమె, దుప్పటి జాడిస్తూ.

పాప మూతి ముడుచుకుంది. రోజూ ఇదే గొడవ. తనే అడుగుతుంది, చెబితే అలుగుతుంది.

కాసేపటికి సామాను లారీ కదిలింది. తడిబట్టలు సంచిలో కుక్కి అందరూ కారెక్కారు.

"ఇదిగో, వెళ్ళొస్తాం. నీ మేలు మరిచిపోం," అంది తల్లి.

పాప కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఇదేంటీ! నువ్వూ రా!"

"కారు నాన్నా," అంది తల్లి.

"కారు కాదూ! ఇదేంటీ!" వెక్కుతూ వేలు చాపింది. వేలు తిన్నగా పనావిడ మీదే ఉంది.

కదిలిన కారు వెంట ఆమె రెండడుగులు వేసింది. ఇన్నాళ్ళూ పిలుస్తూనే ఉందా పిచ్చితల్లి! తలుపనీ చెంబనీ జవాబు చెప్పి పంపేసిందే తను! "ఆఁ, వస్తున్నానమ్మా" అని పలికేసరికి కారు మలుపు తిరిగిపోయింది.

పెరటి తలుపు వెయ్యడానికి ఒక్కతే లోపలికి వచ్చింది. తీగ మీద జత లేని సాక్సు, చిన్న చేతులు సరిగా పిండలేక, ఇంకా నీళ్ళు కారుస్తోంది.