ప్రొప్రైటర్ సౌందర్య

"రొట్టెలు జల్దీ చేసెయ్. పదకొండింటికి జీఎస్టీ ఆఫీసోళ్లొస్తరు. నువ్వు పొయ్యికాడ ఉండకు, ముందటర్రల కుర్సీల కూసో" అన్నాడు సంగమేశ్.

సౌందర్య చేతినిండా జొన్నపిండి. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడు ఆమెను కుర్చీలో కూర్చోమనడం ఇదే మొదలు.

ఒకప్పుడు ఆమె నారాయణఖేడ్‌లోనే ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. అత్త లింగమ్మ మంచం పట్టగానే, "నీ జీతంకన్న మా అమ్మ తక్కువనా?" అని మాన్పించాడు. ఇల్లు ఆయన పేరు మీదే. బోరంచ కాడి చేనూ అంతే. ఆమె పుట్టింటి బంగారం అమ్మి కొన్న ట్రాక్టరూ ఆయన పేరు మీదే ఉంది. అందుకే పోయినవారం గేటుకు 'సౌందర్య ట్రేడర్స్' అని బోర్డు బిగిస్తుంటే ఆమె మనసు పొంగింది. సిగ్గుపడాల్సిందేం లేదు, నిజంగానే పొంగింది. ఏం అమ్ముతామని అడిగింది. "కందులు, పెసర్లు అని రాసినం. అమ్మేది లేదు, కొనేది లేదు. నా హైదరాబాద్ దోస్తు పన్ను ఎగ్గొట్టెతందుకు ఈ పేరు మీద బిల్లులు కొట్టుకుంటడు, మనకింత కమీషన్ ఇస్తడు. నీకెందుకు గవన్నీ? ఇది జీఎస్టీ నంబరు దరఖాస్తు, సంతకం పెట్టు" అన్నాడు. పెట్టింది. ఆ తర్వాత కల్హేర్ అంగడికి పోతే, కూరగాయలమ్మే సాలమ్మ ఏడుస్తూ కనిపించింది. మరిది ఆమె పేరు మీద ఇట్లాంటి కంపెనీయే పెట్టించాడట. సరుకు లేని బిల్లులు బయటపడ్డాక మరిది పత్తా లేడు. నోటీసు మాత్రం వెతుక్కుంటూ సాలమ్మ ఇంటికే వచ్చింది.

చెప్పిన వేళకే ఆఫీసు మేడం జీపు దిగింది. బోర్డుకు ఫోటో తీసి, "వట్టి పేర్ల మీద మోసాలు ఎక్కువైనయ్. అందుకే అనుమానమొచ్చిన కొత్త దరఖాస్తులకు మేమే వచ్చి చూస్తున్నం. గోదాం ఏది?" అంది.

"వెనకర్ర మేడం" అన్నాడు సంగమేశ్.

"ప్రొప్రైటర్?"

"నా భార్యనే. ఆమెకేం తెల్వదు మేడం, నన్నడుగుండ్రి."

ఆమెకేం తెల్వదు. దవాఖానలో కడుపునొప్పి ఎక్కడుందని డాక్టరు అడిగినప్పుడు కూడా ఆయన చెప్పిన జవాబు ఇదే. ఆమె కడుపు, ఆమె నొప్పి. అప్పుడు తల దించుకుని కూర్చుంది. బ్యాంకులోనూ అంతే, పిల్లను బడిలో చేర్పించిన రోజూ అంతే. ఆ మాట పడీ పడీ ఒక్కోసారి తనకు నిజంగానే ఏం తెలియదేమోనని అనిపించేది.

"పేరు ఆమెది. ఆమెనే చెప్పాలె. మీరు జర బయట ఉండుండ్రి" అంది మేడం.

ఆయన గడప దాకా పోయి అక్కడే నిలబడ్డాడు. కళ్లతోనే బెదిరిస్తున్నాడు. సౌందర్య ఆ కళ్లకేసి ఒకసారి చూసి, మేడం వైపు తిరిగింది.

"వెనకర్రల మా అత్త పండుకున్నది మేడం. గోదాం లేదు, కందులు లేవు. బిల్లులు వేరేటోళ్లు కొట్టుకుంటరట. సంతకం నాదే, ఎరుకుండే పెట్టిన. తప్పే. గిప్పుడు ఆ దరఖాస్తు నాకొద్దు."

మేడం ఇచ్చిన కాగితం మీద ఆ మాటలే రాసి, చదువుకుని, సంతకం పెట్టింది. మేడం దరఖాస్తు ఆపేస్తామని చెప్పి, సంగమేశ్ దగ్గర ఆ దోస్తు ఫోన్ నంబరు తీసుకుని పోయింది.

జీపు మలుపు తిరిగిందో లేదో సంగమేశ్ లోపలికి దూసుకొచ్చాడు. "నా ఇజ్జత్ తీసినవ్ కదనే!"

"నోరు మూసుకుని కూసుంటె ఏం పోయేది?" లోపలి నుంచి లింగమ్మ.

"నేను పోయేదాన్ని అత్తమ్మా, జైలుకు."

"కట్టుకున్నోని మీద ఎవరన్న గిట్ల చెప్తరా?" అని అరిచాడు సంగమేశ్.

సౌందర్య కుర్చీలోంచి లేవలేదు.

"నీ మీద నేనేం చెప్పలే. నా గురించి చెప్పిన. ఇన్నేండ్లల్ల నా గురించి నన్నే అడిగింది ఆ మేడం ఒక్కతే."