పిడికెడు బియ్యంలో పిన్ను

చర్చిలో పాట అయిపోయి ఆడవాళ్లు కానుకలు తెచ్చే వేళయింది. ఆ సంఘంలో ప్రతి ఇల్లాలూ పూటపూటకీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తుంది. నెలకొకసారి ఆ కుండ తెచ్చి బలిపీఠం ముందున్న గంపలో పోస్తుంది. ఆ ఆదివారం మెకానిక్ ప్రకాశం భార్య జ్ఞానమ్మ కూడా తన కుండ వంచింది. వంచి, ఏదో చూసి, గంపలో చెయ్యి పెట్టింది. ఆమె వేళ్ల మధ్య మెరిసింది ఏమిటో మగవాళ్ల వైపు కూర్చున్న ప్రకాశానికి అక్కడినుంచే తెలిసిపోయింది.

అది కాటర్ పిన్ను. వేలి కణుపంత ఉంటుంది. ఇంజన్ లోపల రాడ్డును పట్టి ఉంచే నట్టు వదులు కాకుండా దాని బెజ్జంలో దూర్చి తోకలు విడదీసి వంచుతారు. అది లేకపోతే నట్టు తిరిగి తిరిగి ఊడిపోతుంది, రాడ్డు విరిగి ఇంజన్ పొట్ట చీల్చుకుని బయటపడుతుంది.

ఇంజన్ వకీలు కరుణాకర్ గారి పాత మోటారుది. రజాకార్లు కనబడ్డ బండినల్లా పట్టుకుపోతున్న రోజులవి. వకీలు పెళ్లాం పిల్లలతో షోలాపూరు పోతూ, ముక్కలుగా పడున్న మోటారును ఎవడూ ఎత్తుకుపోడు, ఇంజన్ విప్పి పెట్టమని చెప్పిపోయాడు. ప్రకాశం విప్పాడు. నట్లు, పిన్నులు తెచ్చి ఇంట్లో దేవుని కుండలో దాచాడు. సోదాకొచ్చినవాడు ఉప్పు జాడీని వదలకపోయినా ఆ కుండ జోలికి రాడని జ్ఞానమ్మ ధీమా. తెలివి బాగానే ఉంది గానీ, రజాకార్లు సామాన్లు వెతకలేదు, మనిషిని పట్టుకున్నారు. జ్ఞానమ్మ తమ్ముడు ఏలీయా డ్రైవరు. వాడి మెడ మీద తుపాకి పెట్టి, శనివారంకల్లా బండి నడవకపోతే వీడి పీనుగను మోసుకుపొమ్మన్నారు.

అప్పుడైనా కుండను చేటలో బోర్లిస్తే సరిపోయేది. జ్ఞానమ్మ ఒప్పుకోలేదు. దేవుని కుండ దేవుని ముందరే వంచాలట, ఇంట్లో వంచితే మొక్కు చెడుతుందట. పాపం ప్రకాశం మోచేతిదాకా బియ్యంలో పెట్టి, తడిమి తడిమి ఏరుకున్నాడు. షెడ్డులో తుపాకీవాడు తొందర పెడుతుంటే అన్నీ బిగించాననే అనుకున్నాడు. ఆ ఆలుమగల భక్తికి దండం పెట్టాలో, నెత్తి బాదుకోవాలో తెలియదు.

ఇప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే బండి ఎక్కడో దారిలో పగులుతుంది. దగా చేశారని ఏలీయాను అక్కడికక్కడే కాల్చేస్తారు. పోయి చెబితే ముందు తన బొక్కలు విరుగుతాయి. ప్రకాశం చర్చి మెట్లు దిగేసరికి జ్ఞానమ్మ వెంటబడి వచ్చి పిన్ను అరచేతిలో పెట్టింది.

"వాడు పోకముందే ఉరుకు," అంది.

ఊరి చివర గడీ ముంగిట మోటారు స్టార్టు చేసి ఉంది. ఏలీయా స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. రజాకార్ల దళనాయకుడు, అందరూ సాలారు అనేవాడు, ఎక్కబోతున్నాడు. ప్రకాశం బండికి అడ్డంగా నిలబడి, ఒక పిన్ను మరిచానని, గంటసేపు ఆగితే పెట్టేస్తానని చెప్పాడు. తుపాకి మడమ భుజం మీద పడింది. కింద పడ్డా అదే మాట చెప్పాడు. చివరికి సాలారు ఇంజన్ ఆపించాడు.

ప్రకాశం బండి కింద దూరాడు. కాగిన నూనె బకెట్లోకి వంచుతుంటే మణికట్టు బొబ్బలెక్కింది. అడుగు రేకు ఊడదీసి ఒక్కొక్క నట్టునే తడిమాడు. చివరిది పానా అక్కరలేకుండా వేలితోనే తిరిగింది. ఇంకో నాలుగు కోసుల దూరం పోతే ఊడేదే. నట్టు బిగించి, పిన్ను దూర్చి, తోకలు వంచి, మిగతావన్నీ మళ్లీ చూసుకుని రేకు బిగించాడు. నూనె పోసి లేచాడు.

సాలారు కోపంగా లేడు. ప్రకాశానికి దానికే ఎక్కువ భయమేసింది.

"నువ్వు చెప్పకుంటె మేం తొవ్వలనే ఆగిపోతుంటిమి. ఎందుకు చెప్పినవ్?"

అబద్ధానికి సందు దొరకలేదు. "బండి నడిపేటోడు నా బామ్మర్ది, సాబ్. వాడు లేకుంటె చెప్పకపోతుంటి."

సాలారు నవ్వాడు. "గట్లనా? అయితె ఈ మోటర్ ఇగ వాడే నడుపుతడు. వాడున్నన్ని దినాలు బండి మంచిగుంటది."

ఏ నిజం ఏలీయాను కాపాడుతుందనుకున్నాడో అదే వాడి కాలికి సంకెలైంది. మోటారు శంకరంపేట దారి పట్టింది. ఇంజన్ ఎక్కడా తడబడకుండా మోగుతోంది. తన చేతిపని మీద ప్రకాశానికి అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

మర్నాడే ఇండియా యూనియన్ ఫౌజు సరిహద్దు దాటిందన్నారు. నెత్తి మీద విమానాలు తిరిగాయి. ఏలీయా జాడ లేదు. జ్ఞానమ్మ సరిగా తినలేదు గానీ పూటపూటకీ పిడికెడు బియ్యం మాత్రం కుండలో వేసింది, మొగుడితో మాట్లాడకుండా. వారం చివర్లో పారిపోయే రజాకార్లు ఇంట్లో ఉన్న బియ్యం బస్తా ఎత్తుకుపోయారు. దేవుని కుండ ముట్టలేదు.

ఆ మరుసటి పొద్దుగూకే వేళకు ప్రకాశం షెడ్డు నుంచి చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. బండి కనబడకముందే చప్పుడు గుర్తుపట్టాడు. వెనక అద్దం పగిలి, నిలువెల్లా బురదతో మోటారు వచ్చి ఆగింది. లోపల ఏలీయా ఒక్కడే ఉన్నాడు.

విమానం చప్పుడుకు సాలారూ అతని మనుషులూ దుంకి కాలువలో పండుకున్నారట. వీడు దుంకకుండా బండి ఉరికించుకొచ్చేశాడట.

"వెనుకకెల్లి కాల్చిండ్రు బావా. నేను కాలు తియ్యలే. ఇంజన్ ఒక్క పారి గూడ తడబడలే," అన్నాడు.

ప్రకాశం రోడ్డు మీదే కూలబడి పసివాడిలా ఏడ్చాడు. జ్ఞానమ్మ ఏడవలేదు. తమ్ముడి మొహం తడిమి, తిన్నావా అని అడిగింది. రెండు రోజులైందన్నాడు. ఇంట్లో గింజ లేదు. ఆమె లోపలికి పోయి దేవుని కుండ దించి, చేటలో బోర్లించింది.

ప్రకాశం నోరు తెరిచేలోపే, "దేవుడు అడిగితె నేను జెప్పుకుంట," అని పొయ్యి రాజేసింది.

ప్రకాశం చేట ముందు కూర్చుని, కాలిన చేత్తో ఆ బియ్యాన్ని ఒకసారి కలిపి చూశాడు. బియ్యం తప్ప ఏమీ లేదు.